‘బాగానే ఉంది సార్’ అన్న మాట ఖరీదు

రెండుసార్లు యూనిఫారం వేసినవారికి మెడికల్ బోర్డు చిక్కులు
కాగితం దాచుకున్నవారికే దారి

తాడేపల్లిగూడెం: పాలవాడు వాకిట్లో నిలబడి ఎంత గట్టిగా పిలిచినా ఆయన తల తిప్పరు. ఇంటావిడ వెళ్లి భుజం తట్టాలి. టీవీ ముందు కూర్చుంటారు గాని మాట వినపడదు. అడుగున పరుగెత్తే అక్షరాలు చదువుకుంటారు. ఫోన్ మోగితే మనవడు పట్టుకొచ్చి తెర మీది పేరు చూపిస్తాడు. యాభై అయిదేళ్లకే వినికిడి పోయిన ఈ మాజీ సైనికుడు మొత్తం పాతికేళ్లు దేశానికి కాపలా కాశారు. పదిహేడేళ్లు ఫిరంగి దళంలో, ఆపైన ఎనిమిదేళ్లు డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో. ఆ చెవులు ఏ కొలువులో పోయాయన్నదే తేలవలసిన ప్రశ్న. 2016 నుంచి ఆ ఇంట్లో ఈ ఒక్క ప్రశ్నే నలుగుతోంది.

పేరు, ఊరు వేయవద్దని ఆ కుటుంబం కోరింది. కేసు ట్రైబ్యునల్‌లో నడుస్తోంది. విషయం మాత్రం నలుగురికీ తెలియాలని పెద్దాయన పట్టుబట్టారు. “నా పని ఎలాగూ ఇలా అయింది. నా వెనక వెళ్లే కుర్రాళ్లన్నా జాగ్రత్త పడతారు గదా అండి” అన్నారు.

ఈ ప్రాంతానికి సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని చుట్టుపక్కల అందరూ ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి వాళ్లు వెళ్లారు. తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో చేరిన ఇళ్లు అక్కడ ఉన్నాయి. సైన్యంలో చేరడం ఎలాగో ఇక్కడి కుర్రాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. పరుగు ఎంత, ఎత్తు ఎంత, ఛాతీ ఎంత అన్న లెక్కలు నోటికి వచ్చు. బయటకు వచ్చే రోజున డాక్టర్ల ముందు ఏం జరుగుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. వెళ్లేటప్పుడు రైలు దాకా పది మంది వస్తారు. వచ్చేటప్పుడు కాగితాల మీద సంతకాలు ఒంటరిగా పెట్టి రావాలి.

మూడు ప్రశ్నలే బతుకు

సైన్యం నుంచి బయటకు వచ్చే జవానుకు వైద్య పరీక్ష తప్పదు. ఆరోగ్యంలో లోపం ఉండి, గడువు పూర్తి చేసుకుని వస్తున్నవారిని రిలీజ్ మెడికల్ బోర్డు చూస్తుంది. జబ్బు వల్ల గాని, గాయం వల్ల గాని గడువు తీరకముందే పంపించవలసి వస్తే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు చూస్తుంది. జవాన్లు దీన్నే ‘బోర్డవుట్’ అంటారు.

సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే అయిదు అక్షరాలతో కొలుస్తారు. మనసు, వినికిడి, కాళ్లు చేతులు, శరీర దారుఢ్యం, చూపు అని ఆ అయిదింటికీ అర్థం. ఒక్కొక్క దానికి ఒకటి నుంచి అయిదు వరకు అంకె వేస్తారు. ఒకటి అంటే ఏ లోపమూ లేదు. అయిదు అంటే సైన్యంలో ఏ పనికీ పనికిరాడు. షేప్-ఒకటి అన్న ముద్ర ఉన్నంతకాలం జవానుకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి.

బోర్డు ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్.-16 అనే ఫారం నింపుతుంది. అందులో పేజీలు చాలా ఉంటాయి. కాని మనిషి బతుకును తేల్చేవి మూడు ప్రశ్నలే. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా అన్నది మొదటిది. సర్వీసు వల్ల రాకపోయినా సర్వీసులో ముదిరిందా అన్నది రెండోది. వైకల్యం ఎంత శాతం, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది మూడోది.

మొదటి రెండింటిలో ఏ ఒక్కదానికైనా అవునని రాసి, శాతం 20కి తగ్గకుండా ఉంటే వైకల్య పింఛనుకు అర్హత వస్తుంది. రెండింటికీ కాదని రాస్తే ఎంత శాతం వేసినా ఆ పింఛనుకు అక్కరకు రాదు. ఈ రెండూ కాదన్న రాతను ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘నానా’ అంటారు. నానా యాతన పెడుతుంది గనకనే ఆ పేరు వచ్చి ఉంటుందని మాజీ సైనికులు నవ్వుతారు. నవ్వులో ఉక్రోషం ఉంటుంది.

శాతం చూసి సంబరపడేవారు, శాతం చూసి కుంగిపోయేవారు ఎక్కువ. అసలు చూడవలసింది ఆ పై రెండు గళ్లను.

2006: గుసగుస పరీక్ష

పెద్దాయన 1989లో పందొమ్మిదో ఏట సైన్యంలో చేరారు. ఫిరంగి పక్కన గుండ్లు అందించే పని. 1997లో ఫైరింగ్ సాధన జరుగుతుండగా కుడి చెవిలో ఒక్కసారిగా ఈల మోత మొదలైంది. కాసేపటికి చెవి నుంచి రక్తం చారగా కారింది. మిలటరీ ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి, మందులిచ్చి, డిశ్చార్జి చీటీ చేతికిచ్చి పంపారు. తర్వాత ఈల తగ్గింది. పూర్తిగా పోలేదు. ఫిరంగుల దగ్గర పనిచేసేవాడికి చెవిలో మోత మామూలే అనుకుని ఆయన ఊరుకున్నారు.

2006లో గడువు పూర్తయింది. అప్పటికి వయసు ముప్పై ఆరు. ఇద్దరు పిల్లలు, ఎకరం పొలం. పింఛను వస్తుంది గాని పిల్లల చదువులకు చాలదు. డి.ఎస్.సి.లో చేరాలని అప్పటికే నిశ్చయించుకున్నారు. డి.ఎస్.సి. అంటే రక్షణ శాఖ కర్మాగారాలకు, డిపోలకు, కార్యాలయాలకు కాపలా ఉండే దళం. 1947లో ఏర్పడింది. దాని కేంద్రం కేరళలోని కణ్ణూరులో ఉంది. మాజీ సైనికులకు రెండోసారి యూనిఫారం దొరికే చోటు అది. అయితే ఆరోగ్యం బాగుందన్న కాగితం ఉన్నవారికే చోటు.

బయటకు వచ్చే ముందు వైద్య పరీక్ష జరిగింది. వినికిడిని కొలవడానికి గుసగుస పరీక్ష పెడతారు. జవాను అటు తిరిగి నిలబడతాడు. సుమారు ఆరు మీటర్ల దూరం నుంచి డాక్టరు గుసగుసగా ఏదో అంటాడు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ఎడమ చెవికి ఇబ్బంది లేకపోయింది. కుడి చెవి దగ్గరికి వచ్చేసరికి ఆయనకు సరిగా వినపడలేదు. తనకు ముందు వెళ్లినవాడిని అడిగిన అంకెలే గుర్తు పెట్టుకుని చెప్పేశారు.

“చెవి ఎలా ఉందని డాక్టరు విడిగా కూడా అడిగారండి. బాగానే ఉంది సార్ అన్నాను. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. ఉద్యోగం చేజారకూడదన్నదే మనసులో ఉంది” అని ఆయన చెప్పారు. ఏ వైకల్యమూ లేదన్న కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వచ్చారు. 1997 నాటి ఆసుపత్రి చీటీ ట్రంకు పెట్టె అడుగుకు చేరింది.

2016: ముందు నుయ్యి, వెనక గొయ్యి

2008లో డి.ఎస్.సి.లో చేరారు. దూర రాష్ట్రంలో ఒక డిపో గేటు దగ్గర కాపలా. మొదట్లో బాగానే గడిచింది. 2013 నాటికి ఎడమ చెవి కూడా తగ్గసాగింది. రాత్రి డ్యూటీలో వాకీటాకీలో పిలిచినా పలకలేదని రెండుసార్లు మాట పడ్డారు. ఆసుపత్రికి పంపారు. షేప్‌లో వినికిడి అంకె పెరుగుతూ వచ్చింది. కూర్చోబెట్టి ఇవ్వడానికి తేలిక పని ఏదీ లేదన్నారు. 2016లో మెడికల్ బోర్డు ముందు నిలబెట్టారు.

రెండు చెవులకూ కలిపి వైకల్యం 30 శాతం అని బోర్డు తేల్చింది. సర్వీసు వల్ల వచ్చిందా అన్న గడిలో ‘కాదు’ అని రాసింది. ముదిరిందా అన్న గడిలోనూ ‘కాదు’ అనే రాసింది. గేటు కాపలాలో చెవికి దెబ్బ తగిలే పని ఏమీ లేదన్నది కారణం. ఎనిమిదేళ్లకే పెట్టె సర్దుకుని ఇంటికి రావలసి వచ్చింది.

ఇక్కడే రెండు కొలువుల లెక్క అడ్డం వచ్చింది. డి.ఎస్.సి.లో చేరేవారు పాత సర్వీసును కొత్తదానితో కలుపుకోవచ్చు. లేదా పాత పింఛను తీసుకుంటూనే కొత్త సర్వీసును విడిగా లెక్కించుకోవచ్చు. ఆయన పాత పింఛను ఉంచుకున్నారు. విడి లెక్కలో రెండో పింఛను రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. ఎనిమిదేళ్లకు ఒకసారి ఇచ్చే గ్రాట్యుటీతో సరిపెట్టారు.

జబ్బు వల్ల బయటకు వచ్చినవారికి పదేళ్లు నిండకపోయినా ఇన్‌వాలిడ్ పింఛను ఇవ్వాలని కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. అయితే 2019 జనవరి 4న గాని, ఆ తర్వాత గాని సర్వీసులో ఉన్నవారికే అది వర్తిస్తుంది. ఈయన అప్పటికి రెండేళ్ల ముందే ఇంటికి చేరారు.

“ఫిరంగుల దగ్గర పోయాయండీ అంటే, అప్పుడు బాగానే ఉందన్నావుగా అంటారు. డి.ఎస్.సి.లో పోయాయంటే, గేటు దగ్గర ఫిరంగులు లేవుగా అంటారు. పోయిన చెవులు మాత్రం ఇవేనండి” అని చెప్పి ఆయన రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకుని చూపించారు.

మొదటి అప్పీలు 2018లో తిరస్కరించారు. రెండోది 2020లో తిరస్కరించారు. రెండు జవాబుల్లోనూ మాట ఒకటే.

కోర్టులు ఏమన్నాయి

ఇటువంటి వారికి ఆసరాగా సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఉన్నాయి. ధరమ్‌వీర్ సింగ్ అనే సిగ్నల్స్ దళం జవాను 1985లో చేరారు. మూర్ఛ జబ్బు ఉందని, వైకల్యం 20 శాతమని 1994లో ఇంటికి పంపారు. జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదని పింఛను నిరాకరించారు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేటప్పుడు కాగితంలో ఏ జబ్బూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలన్నది. ఆ తర్వాత కనిపించిన జబ్బు సర్వీసులో వచ్చిందనే అనుకోవాలన్నది. కాదంటే కాదని నిరూపించవలసింది జవాను కాదు, ప్రభుత్వమే. బోర్డు ఊరికే కాదని రాస్తే చాలదు, కారణం కూడా రాయాలి. అనుమానం ఉంటే ఆ లాభం జవానుకే దక్కాలి. ఈ తీర్పు తర్వాత దేశంలో ఎన్నో కేసులు దీని దన్నుతోనే నడిచాయి.

1993లో మొహిందర్ సింగ్ అనే మాజీ శాపర్ కేసులో ఇంకొక మాట తేల్చారు. జవానును కళ్లతో చూసి పరీక్షించిన బోర్డు రాసిన దాన్ని, చూడకుండా కాగితాలు తిరగేసే పింఛను కార్యాలయం తిరగరాయకూడదు. 2014 జూన్‌లో సుఖ్వీందర్ సింగ్ కేసులో మరొకటి చెప్పారు. గడువు తీరకముందే జబ్బు పేరు చెప్పి ఇంటికి పంపారంటే వైకల్యం 20 శాతానికి పైన ఉన్నట్టే లెక్క.

అన్ని తీర్పులూ జవాను వైపే వస్తాయనుకోవడం కూడా పొరపాటే. 2015లో నాయక్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పింఛను కాదన్నది. ఆయన సెలవులో ఉండగా ప్రమాదం జరిగింది. ఆ ప్రమాదానికీ సైనిక డ్యూటీకీ సంబంధం కనిపించలేదన్నారు. సెలవు మీద ఇంటికి వస్తూ దారిలో దెబ్బ తగిలితే ఒక లెక్క, ఇంటికి చేరాక సొంత పనిలో దెబ్బ తగిలితే ఇంకొక లెక్క. టెరిటోరియల్ ఆర్మీ వారికీ ఇదే సూత్రం. ఏడాదిలో కొంతకాలమే యూనిఫారం వేసే ఆ జవాన్లకు, శిక్షణలో గాని, పిలుపు మీద డ్యూటీలో గాని ఉండగా జరిగినదే సర్వీసు కిందికి వస్తుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టు కాగితం లేకపోతే ఆ గాయానికి దిక్కుండదు.

లెక్క రూపాయల్లో

ఇంత పాకులాట దేనికన్నది అంకెల్లో చూస్తే తెలుస్తుంది. వైకల్య పింఛనులో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీసు భాగం, రెండోది వైకల్య భాగం. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం వైకల్య భాగంగా ఇస్తారు. శాతం తగ్గితే ఆ మేరకు తగ్గుతుంది. ఆఖరి జీతం నెలకు 40,000 రూపాయలు అనుకుందాం. నూరు శాతానికి 12,000 వస్తుంది. 20 శాతానికి 2,400 వస్తుంది.

అయితే శాతాన్ని పైకి సవరించే పద్ధతి ఒకటి ఉంది. 20 నుంచి 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన ఉన్నదాన్ని నూరుగా లెక్కిస్తారు. అలా చూస్తే పైన చెప్పిన 2,400 కాస్తా 6,000 అవుతుంది. దాని మీద కరువు భత్యం అదనం. ఈ సవరణ మొదట బోర్డవుట్ అయినవారికే ఇచ్చేవారు. గడువు పూర్తి చేసి వచ్చినవారికీ వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు చెప్పింది.

పెద్దాయన విషయంలో తేడా ఇంకా ఎక్కువ. సర్వీసు వల్ల అని గాని, సర్వీసులో ముదిరిందని గాని తేలితే ఆయనకు 30 శాతం 50గా మారుతుంది. సర్వీసు భాగానికి ఇన్నేళ్లు నిండాలన్న షరతు కూడా బోర్డవుట్ అయినవారికి లేదు. అంటే ఎనిమిదేళ్ల సర్వీసుకూ నెలనెలా పింఛను వస్తుంది. తేలకపోతే ఏమీ రాదు.

రెండు జబ్బులున్నవారు ఒక సంగతి గమనించాలి. ఒకదానికి 30, మరొకదానికి 20 వేస్తే మొత్తం 50 అని ఇంట్లో కూడుకుంటారు. బోర్డు అలా కూడదు. మనిషిని మొత్తంగా చూసి అన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తుంది. అది విడి అంకెల మొత్తం కన్నా తక్కువగా ఉంటుంది. అందుచేత పాత వైకల్యం ఉన్నవారు రెండోసారి బోర్డుకు వెళ్లినప్పుడు పాతది ఎంత, కొత్తది ఎంత, పాతది ఎంత ముదిరింది అన్నవి విడివిడిగా రాశారో లేదో చూసుకోవాలి.

2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పింఛన్లకు కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత బయటకు వచ్చేవారు పక్కింటి మాజీ సుబేదారుకు ఎంత వచ్చిందో చూసి తమకూ అంతే వస్తుందనుకోరాదు.

ఆలస్యం చేస్తే అసలుకే మోసం

ఊళ్లలో తరచు వినపడే మాట ఒకటుంది. ‘ప్రభుత్వం సొమ్ము ఎక్కడికి పోతుంది, తీరిగ్గా అడగవచ్చు’ అంటారు. అది నిజం కాదు. బోర్డు మాట నచ్చకపోతే మొదటి అప్పీలుకు ఆరు నెలలు గడువు. అదీ కాదంటే రెండో అప్పీలు. ఆ తర్వాత సాయుధ బలగాల ట్రైబ్యునల్. 2007 చట్టం కింద ఏర్పడిన ఈ ట్రైబ్యునల్ 2009 నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారి కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

తర్సేమ్ సింగ్ అనే జవాను 1983లో జబ్బు కారణంగా బయటకు వచ్చారు. 1999లో గాని హైకోర్టుకు వెళ్లలేదు. పింఛనుకు హక్కు ఉందని 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. బకాయిలు మాత్రం కోర్టుకు వెళ్లిన తేదీకి వెనక మూడేళ్లకే ఇవ్వమన్నది. మిగతా ఏళ్ల సొమ్ము ఆలస్యం కింద కొట్టుకుపోయింది.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. పింఛను రానివారి సర్వీసు కాగితాలను సైన్యం రికార్డు కార్యాలయాలు 25 ఏళ్లే ఉంచుతాయి. ఆ తర్వాత నాశనం చేస్తాయి. మన దగ్గర కాగితం లేక, వారి దగ్గరా లేకపోతే ఏ కోర్టయినా ఏం చూసి తీర్పు ఇస్తుంది?

ట్రంకు పెట్టె అడుగున

పెద్దాయన కేసు మలుపు తిరిగింది 2021లో. వానకు ఇంటి కప్పు కారితే సామాను బయట వేశారు. పిల్లల పాత ప్రోగ్రెస్ కార్డుల మధ్య మడత పెట్టిన కాగితం ఒకటి ఇంటావిడ కంట పడింది. ఆమె చదివింది ఏడో తరగతే. ఇంగ్లీషు రాదు. “మిలటరీ ముద్ర కనపడిందండి. మిలటరీ ముద్ర ఉన్న కాగితం ఏదీ పారేయకూడదని మా మావగారు అనేవారు. దాంతో ఆరబెట్టి అబ్బాయికి చూపించాను” అని ఆమె చెప్పారు. అది 1997 నాటి చీటీ. కుడి చెవికి దెబ్బ, ఫైరింగ్‌లో అని స్పష్టంగా రాసి ఉంది. తేదీ ఉంది. డాక్టరు సంతకం ఉంది.

ఆ చీటీ చూశాక వకీలు వాదనను మార్చారు. డి.ఎస్.సి.లో చేరేటప్పుడు లోపం రాయలేదు గనక అక్కడే వచ్చిందని ముందు వాదిద్దామనుకున్నారు. ఇప్పుడు, మొదటి సర్వీసులో మొదలైంది, రెండో సర్వీసులో ముదిరింది అంటున్నారు. ఏ దళమైతేనేం, రెండూ రక్షణ శాఖ కొలువులే కదా అన్నది వాదన. 2006లో బాగానే ఉందని పెట్టిన సంతకం మాత్రం అవతలి పక్షం చేతిలో ఉంది. ట్రైబ్యునల్ ఏమంటుందో చూడాలి.

ఈ ఒక్క ఇంటి అనుభవమే ఇతరులకు పాఠం. గాయమైతే ఐ.ఎ.ఎఫ్.వై.-2006 అనే గాయం రిపోర్టు నింపించి నకలు తీసుకోవాలి. విచారణ జరిగితే దాని నకలు ఉంచుకోవాలి. ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ ఇచ్చిన డిశ్చార్జి చీటీ, షేప్ అంకె మారినప్పుడల్లా వచ్చిన కాగితం, మెడికల్ బోర్డు ఫారం నకలు, డిశ్చార్జి బుక్కు, పీపీఓ ఒక్క చోట ఉండాలి. బోర్డు ఫారం నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పింఛన్లు ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి గనక అందులో తమ వైకల్యం శాతం సరిగా ఎక్కిందో లేదో కూడా చూసుకోవాలి. అప్పీలు రాయడం తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. శాశ్వత వైకల్యమని బోర్డు ఒకసారి రాస్తే అది జీవితాంతం చెల్లుతుంది. ముదిరిందనుకుంటే తిరిగి చూడమని జవానే కోరవచ్చు.

అన్నిటికన్నా ముందు, డాక్టరు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రెండో ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే. ఆ భయంతో నోరు మూసుకుంటే ఉద్యోగమూ దక్కక, పింఛనూ దక్కక పోవచ్చునని ఈ ఇల్లు చెబుతోంది.

మేనల్లుడికి మావయ్య మాట

పెద్దాయన చెల్లెలి కొడుకు అగ్నివీరుగా ఎంపికయ్యాడు. 2022లో మొదలైన ఈ పథకంలో కొలువు నాలుగేళ్లే. పింఛను లేదు. వైకల్య పింఛను కూడా లేదు. సర్వీసు వల్ల గాని, సర్వీసులో ముదిరి గాని వైకల్యం కలిగితే ఒకేసారి సొమ్ము ఇస్తారు. నూరు శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. ఇక్కడా ఆ పాత రెండు గళ్లే మళ్లీ ఎదురవుతాయి. నాలుగేళ్ల తర్వాత ఆ కుర్రాడు ఇంకొక యూనిఫారం వేసుకోవాలనుకున్నా, అక్కడ మళ్లీ డాక్టరు ముందు నిలబడవలసిందే.

బయల్దేరే ముందు ఆశీర్వాదం కోసం వచ్చి కాళ్లకు దండం పెట్టిన మేనల్లుడికి పెద్దాయన అందరిలాగా ధైర్యంగా ఉండమని చెప్పలేదు. కొత్త ప్లాస్టిక్ ఫైలు ఒకటి చేతికిచ్చారు.

“ఒరేయ్ అబ్బాయ్, దెబ్బ తగిలితే దాచకు. చీటీ ఇస్తే పారేయకు. ఫొటో తీసి మీ అమ్మకు పంపు, కాగితం ఇందులో పెట్టు. డాక్టరు అడిగితే బాగానే ఉంది సార్ అనకు, బాగుంటే తప్ప.”

మేనల్లుడు “అలాగే మావయ్యా” అన్నాడు. ఆయనకు వినపడలేదు. ఇంటావిడ భుజం తట్టి, “అలాగే అన్నాడండీ” అని చెవి దగ్గర గట్టిగా చెప్పారు.